ఆటపెట్టెకు పరకాయప్రవేశము



పరకాయప్రవేశమను విద్యనుగూర్చి విననివారు మనలో అరుదు. విక్రమార్కుని కథలలో అది కలదు. శంకరభగవత్పాదులు అమరుకుడను రాజుయొక్క దేహమున ప్రవేశించిరని ప్రతీతియును కలదు. ఆ విద్యకొక నియమమున్నది. ప్రవేశింపదగిన దేహము అప్పటికే ప్రాణములు విడిచినదై యుండవలెను. ఈనాడు అనేకదేశములలో యువకులు పాత ఆటపెట్టెలపై ఇట్టి విద్యనే ప్రయోగించుచున్నారు. ముప్పదియేండ్లకు పైబడిన చేతియాటపెట్టెయొక్క ప్లాస్టిక్ పైచిప్పను మాత్రము నిలుపుకొని, లోపలి సామగ్రినంతయు తీసివేసి, అచ్చట చిన్న నూతన కంప్యూటరును అమర్చుదురు. చూచుటకు పాతపెట్టెయే, లోపల మెదలునది వేఱొక ప్రాణము. మీ యింట మనుమడో మనుమరాలో టంకము వేయు కడ్డీ కొనిపెట్టుమని యడిగినచో, అది యేమి పని, అందు మేలెంత, అపాయమెంత అని పెద్దలకు తెలిసియుండుట మంచిది గదా! అందుచే ఈ విషయమును ఎన్నుకొంటిని.

ఈ పనికి తఱచుగా వాడబడు పెట్టె గేమ్‌బాయ్ అనునది. దానిని చేసినవారు జపాను దేశమున క్యోటో నగరమందలి నింటెండో సంస్థవారు. ఈ సంస్థ 1889లో చీట్లపేక చేయుటకు పుట్టినది. పువ్వుల బొమ్మలు గల హనఫుద యను పేకముక్కలు వారి మొదటి సరకు. సరిగా నూఱేండ్లకు, 1989 ఏప్రిలు నెలలో, గేమ్‌బాయ్ జపానున విక్రయమునకు వచ్చెను. దానిని రూపొందించిన బృందమునకు పెద్ద గున్‌పే యొకోయి. ఈయన 1965లో ఆ సంస్థలో యంత్రముల మరమ్మతు చూచు ఉద్యోగమున చేరినవాడు. రైలుబండిలో ఒక ప్రయాణికుడు ప్రొద్దుపోక లెక్కలయంత్రపు మీటలను ఊరక నొక్కుచుండగా చూచి, జేబులో ఇముడు ఆటయంత్రము చేయవలెనని ఆయనకు తోచినదని చెప్పుదురు. ఆ యూహ 1980లో గడియారముతో కూడిన చిన్న ఆటపెట్టెలుగా ఫలించెను. 1982లో అట్టి పెట్టెయొకదానికి ఆయన కూడికగుర్తువంటి మీట నొకదానిని అమర్చెను. ఎడమచేతి బొటనవ్రేలు కదలకయే నాలుగు దిక్కులను చూపగల మీట యది. నాటినుండి నేటివఱకు ఆటపెట్టెలలో ఆ యాకారము పోలేదు.

గేమ్‌బాయ్ తెరపై రంగులు లేవు. అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. ఒక్కొక్క చుక్క లేత పసరువన్నెనుండి ముదురువన్నెవఱకు నాలుగు ఛాయలలో ఏదో యొకటి దాల్చును. తెరకు సొంతవెలుగు లేదు గనుక దీపము క్రిందనో ఎండలోనో ఆడుకొనవలసినదే. ఆ కాలముననే అమెరికాలో లింక్స్ అను పెట్టెయు, పిమ్మట 1990లో గేమ్ గియర్ అను పెట్టెయు రంగులతోను వెలుగుతోను వచ్చినవి. కాని అవి ఆఱు విద్యుద్ఘటములను నాలుగైదు గంటలలో త్రాగివేయుచుండెను. గేమ్‌బాయ్ నాలుగింటితో పదిగంటలకు పైగా నడచెడిది. యొకోయి సిద్ధాంతమును తెలుగున చెప్పవలెనన్నచో, వాడిపోయిన విద్యను వేఱుదారిని వాడుకొనుట యనవచ్చును. మిక్కిలి క్రొత్తదగు యంత్రభాగము వెల హెచ్చు. దాని దోషములును ఇంకను బయటపడియుండవు. బహుకాలము వాడుకలో నలిగిన దానియందు ఆ రెండు చిక్కులును ఉండవు. తరువాత వచ్చిన రంగుల గేమ్‌బాయ్‌తో కలిపి ఈ పెట్టెలు 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యెను. గల్ఫు యుద్ధకాలమున కాలి కమిలిన గేమ్‌బాయ్ ఒకటి ఇంకను పనిచేయుచుండగా, చాలకాలము న్యూయార్కులోని నింటెండో దుకాణమున దానిని ప్రదర్శనకు పెట్టిరి.

మన తిరునాళ్లలో, పైనుండి దిమ్మెలు రాలుచుండగా వానిని వరుసగా పేర్చు చిన్న ఆటబొమ్మలను మీలో కొందఱు చూచియుందురు. ఆ యాటకు మూలము 1984లో మాస్కో నగరమున అలెక్సీ పాజిట్నోవ్ కల్పించిన టెట్రిస్. అమెరికాలోను యూరపులోను గేమ్‌బాయ్‌తోపాటు ఇచ్చినది ఈ యాటనే.

ఇట్టి పెట్టెను విప్పుటకు ముందు దాని నాడి చూడవలెను. ఇది నేను ప్రత్యేకముగా చెప్పదలచిన మాట. నాటి గేమ్‌బాయ్‌ల తయారీ ఎన్నడో నిలిచిపోయినది. ఉన్నవి తఱుగుటయే గాని పెరుగుట లేదు. వెలుగనంతమాత్రమున పెట్టె చచ్చినదని తలపరాదు. తఱచుగా జరుగునదేమనగా, ఏండ్లతరబడి లోపల మఱచిన ఘటములు కారి, వాని క్షారము ఇత్తడి రేకులవంటి స్పర్శస్థానములపై తెల్లగా పేరుకొనును. కొంచెము పులిసిన సిర్కాను దూదితో అద్ది, తుడిచి, ఆరబెట్టినచో అనేకములు మఱల లేచి కూర్చుండును. తెరపై ఒకటిరెండు నిలువుగీతలు మాయమైనను, అది టంకపుకడ్డీ వేడితో తెర అంచును జాగ్రత్తగా తాకించి బాగుచేయదగిన రోగమే. నా యొద్దకు చచ్చినదని వచ్చిన పెట్టె యొకటి ఈ సిర్కా చికిత్సతోనే బ్రతికినది. దానిని నేను విప్పి పాడుచేయలేదు. నిజముగా పలక విఱిగి, తెర పగిలి, ఇక దిక్కులేనిదే పరకాయప్రవేశమునకు తగినది. అట్టిదియును దొరకనిచో, అదే కొలతలతో క్రొత్తగా పోతపోసిన పైచిప్పలు విడిగా అమ్మకమున దొరకును. చూపునకు భేదము స్వల్పము. పాత వస్తువొకటి నిలుచును.

పెట్టె వెనుకనున్న స్క్రూలకు సాధారణముగా మూడు ఱెక్కల గాడి యుండును; దానికి తగిన స్క్రూడ్రైవరు వేఱుగా కొనవలెను. లోపల రెండు పలకలు పుస్తకపు పుటలవలె తెఱచుకొనును. వానిని తీసిన పిమ్మట ఆ బోలులో క్రొత్త కంప్యూటరును పెట్టుదురు. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై జీరో. ఇంగ్లండులో కేంబ్రిడ్జి నగరమునందలి సంస్థవారు పిల్లలకు కంప్యూటరు విద్య సులభము కావలెనను సంకల్పముతో చేసిన పలకలలో ఇది మిక్కిలి చిన్నది. పొడవు 65, వెడల్పు 30 మిల్లీమీటర్లు. 2015లో అది వెలువడినప్పుడు వెల అయిదు డాలర్లు మాత్రమే. ఆ నెల వారి పత్రికతోపాటు అట్టకు అంటించి ఉచితముగా కూడ ఇచ్చిరి. పత్రికకు అనుబంధముగా కంప్యూటరు వచ్చుట నాకు నేటికిని వింతగానే యుండును!

పాత ఆట క్రొత్త కంప్యూటరులో ఎట్లు నడచునని మీరడుగవచ్చును. గేమ్‌బాయ్ ప్రోసెసరు మాట వేఱు, దీని మాట వేఱు. నడుమ ఒక దుబాసి కావలెను. ఆ దుబాసి యొక ప్రోగ్రాము. పాత యాటలోని ఒక్కొక్క ఆజ్ఞను చదివి, దానిని క్రొత్త ప్రోసెసరునకు తెలిసిన అనేకాజ్ఞలుగా మార్చి చెప్పును. ఈ దుబాసీతనమునకు కాలము పట్టును. అయినను పాత ప్రోసెసరు సెకనునకు సుమారు 42 లక్షల స్పందనములతో నడువగా, జీరో పలక 100 కోట్ల స్పందనములతో నడచును గనుక ఆటలో ఆలస్యము తెలియదు.

తెర విషయమున ఒక చిన్న లెక్క యున్నది. క్రొత్తతెరకు 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు ఉన్నదనుకొందము. పాతబొమ్మను సరిగా మూడు రెట్లు చేసినచో 480 వెడల్పు, 432 ఎత్తు అగును. చుట్టును కొంత నల్లని అంచు మిగులును. ఆ యంచు బాగుండలేదని బొమ్మను నిండుగా సాగదీసినచో, కొన్ని గీతలు లావుగను కొన్ని సన్నముగను అగును. అక్షరములు వంకరపోవును. ఆ అంచును ఉండనిచ్చుటయే మేలు.

మీటలను మాత్రము పాతవానినే ఉంచవలెనని నా అభిప్రాయము. ప్రతి మీట క్రిందను రబ్బరు గుబ్బ, దాని యడుగున కరిబిళ్ళ. నొక్కినప్పుడు ఆ బిళ్ళ పలకపైనున్న రెండు గీతలను కలుపును. విడిచినప్పుడు రబ్బరు మఱల లేచును. క్రొత్త పలకపై అదే గీతలను అచ్చుపోసి, ఒక కొనను కంప్యూటరునకును, మఱియొక కొనను భూసంధికిని తీగెతో కలిపినచో చాలును. ఈ పనియంతయు చేయునది ఆ మీట వ్రేలికిచ్చు స్పర్శకొఱకే గదా! అది పోయిన పిమ్మట పాతచిప్ప యెందుకు?

ఇక శక్తి సంగతి. పెద్దలు చెవియొగ్గి వినవలసినది ఇచ్చటనే. క్రొత్త పెట్టెలలో లిథియం ఘటమును వాడుదురు. దాని సగటు ఒత్తిడి 3.7 వోల్టులు, నిండినప్పుడు 4.2. కంప్యూటరునకు 5 వోల్టులు కావలెను గనుక నడుమ ఒత్తిడిని పెంచు చిన్న పలక యుండవలెను. 2000 మిల్లీ ఆంపియర్ గంటల ఘటములో 7.4 వాట్‌గంటల శక్తి యుండును. కంప్యూటరు, తెర, ధ్వని కలిసి రెండు వాట్లు తినునని లెక్కించి, మార్పులో పోవునది తీసివేయగా మిగులునది సుమారు మూడు గంటల ఆట. యొకోయి పెట్టె పదిగంటలు నడచిన సంగతి ఇంతకుముందే వింటిరి!

ఈ లిథియం ఘటము 4.2 వోల్టులు దాటి నింపబడినను, మేకుకొన తగిలి చీలినను, రెండు కొనలు ఒండొంటిని తాకినను వేడెక్కి మంటలు లేచును. కావున మితము దాటకుండ ఆపు రక్షణపలక లేని ఘటమును ఇంటికి రానీయరాదు. పాత సెల్‌ఫోను నుండి పీకినదియు, పేరూరు లేనిదియు వలదు. చిప్పలోపల స్క్రూలకై పోసిన ప్లాస్టిక్ స్తంభములను కొన్నిటిని కోయవలసి వచ్చును. ఆ కోసిన మొనలను ఆకురాయితో నున్నగా చేసిన పిమ్మటనే ఘటమును పెట్టవలెను. ఉబ్బిన ఘటమును అదిమి మూతవేయుటయు, చెత్తకుప్పలో పాఱవేయుటయు రెండును తప్పు. విద్యుత్తుసామానుల వ్యర్థమును సేకరించువారికి ఈయవలెను. మొదటి కొన్నిమాఱులు ఘటమును నింపునప్పుడు పెద్దవారొకరు ప్రక్కన నుండవలెను. రాత్రి పక్కపై పెట్టి నిద్రపోరాదు. టంకములో సీసము ఉండవచ్చును. కిటికీ తెఱచి పనిచేసి, పని ముగిసిన పిమ్మట చేతులు కడిగికొనియే అన్నమునకు కూర్చుండవలెను.

పాత పెట్టెను ఎప్పుడు కావలసిన అప్పుడు టక్కున ఆర్పవచ్చును. క్రొత్తదానినట్లు ఆర్పరాదు. వ్రాఁతపని జరుగుచుండగా దీపమార్పినట్లు, మెమొరీ కార్డులోని గ్రంథము చెడును. ముందు కంప్యూటరునకు సెలవు చెప్పి, అది ముగించిన పిమ్మట మీట నొక్కవలెను. ఈ పలకకు చెవిగొట్టపు రంధ్రము లేదు గనుక ధ్వనికి వేఱొక చిన్న పలక కావలెను.

ఆటలు వచ్చుట యెట్లను ప్రశ్న మిగిలినది. ఆటలు పరుల సొత్తు. ఎవరో నకలుచేసి పంచినవానిని దింపుకొనుట ధర్మము గాదు, చట్టమును ఒప్పదు. స్వయముగా ఆటలు వ్రాసి ఉచితముగా ఇచ్చువారు నేటికిని ఉన్నారు, వానితో ఆరంభింపవచ్చును. కొందఱు తాము కొన్న బిళ్ళలనుండియే ఆటను చదివికొను పరికరమును వాడుదురు. ఆ బిళ్ళల విషయమున తొందరపడవలసిన పని యొకటి యున్నది. ఆటగాడు ఎంతవఱకు పోయెనో గుర్తుంచుకొను బిళ్ళలలో రూపాయివంటి చిన్న ఘటము టంకముతో అతుకబడి యుండును. టెట్రిస్ బిళ్ళలో అది లేదు. పెద్ద కథలుగల ఆటలలో కలదు. ముప్పదియేండ్లలో ఆ ఘటములనేకము ఎండిపోయినవి, మిగిలినవియు ఎండుచున్నవి. అది ఎండిన నాడు, ఒకప్పుడు బాలుడై యాడినవాడు వ్రాసికొన్న పేరు, గెలిచిన లెక్క సమస్తము తుడిచిపోవును. ఘటమును మార్చుటకు ఊడదీసినను అంతే. కావున మొదట బిళ్ళలోని గుర్తులను పరికరముతో నకలు తీసి భద్రపఱచి, పిమ్మట క్రొత్త ఘటమును అతికి, ఆ నకలును మఱల బిళ్ళలోనికి ఎక్కింపవలెను.