చందమామ ఎంత దూరం? 30 సెంటీమీటర్ల స్కేలుతో చెప్పేద్దాం

మీ ఇంట్లో నాలుగో, ఐదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ల కోసమే. కావాల్సినవి ఒక 30 సెంటీమీటర్ల స్కేలు, పెద్ద కాబూలీ శనగ ఒకటి, చిన్న సగ్గుబియ్యం గింజ ఒకటి, కొంచెం భాగహారం. అంతే.

నేను పిల్లల్ని ముందు ఒకటే అడుగుతాను. "ఈ శనగ భూమి అనుకోండి. సగ్గుబియ్యం చందమామ. ఎక్కడ పెడతారు?" చాలామంది రెండు మూడు వేళ్ల దూరంలో పెడతారు. వాళ్ల తప్పేం లేదు, పుస్తకంలో బొమ్మ అలాగే ఉంటుంది. పేజీలో పట్టాలి కదా మరి!

ఇప్పుడు లెక్క చేయిద్దాం. భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసం 12,756 కిలోమీటర్లు. వందలకి సవరిస్తే 12,800. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. వేలకి సవరిస్తే 3,84,000. రెండిట్లోనూ చివరి రెండు సున్నాలు కొట్టేయండి. 3,840ని 128తో భాగిస్తే? సరిగ్గా 30, శేషం సున్నా! అంటే 30 భూముల దూరం అన్నమాట. శనగ ఒక సెంటీమీటరు కాబట్టి, స్కేలు ఈ చివర భూమి, ఆ చివర చందమామ.

మరి ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. భూమి ఉన్న చివర కదలకుండా, రెండో చివరని రెండున్నర సెంటీమీటర్లు పైకెత్తండి. దాదాపు 5 డిగ్రీలు వస్తుంది, కోణమానినితో వాళ్లనే కొలవమనండి. అంత దూరం వెళ్లేసరికి భూమి ముదురు నీడ ఒక సెంటీమీటరు వెడల్పు కూడా ఉండదు. అందుకే చంద్రుడు చాలాసార్లు నీడకి పైనుంచో కిందనుంచో వెళ్లిపోతాడు. అదే పుస్తకం బొమ్మలోలాగా పక్కనే ఉండుంటే, నెలనెలా గ్రహణమే!

గ్రహణం అంటే రాహువు మింగడమని విన్న పిల్లకి మనం "అది నమ్మొద్దు" అని చెప్పక్కర్లేదు. స్కేలు పట్టుకుని తనే తేల్చుకుంటుంది. భాగహారం ఎందుకు నేర్చుకోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక మీకు హోంవర్క్. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మన శనగ లెక్కలో ఎన్ని మీటర్లు? కామెంట్‌లో పెట్టండి. చిన్న హింట్: క్లాస్‌రూమ్ సరిపోదు, గ్రౌండ్‌కి వెళ్లాల్సిందే!