అడ్వాన్స్ ఎప్పుడిస్తారండీ?

అద్దెకి దిగినప్పుడు మీరిచ్చిన అడ్వాన్స్ మీ ఓనరు దగ్గర లేదు. ఈ సంగతి ముందే తెలిస్తే సగం గొడవలు ఎందుకొస్తున్నాయో అర్థమవుతుంది. ఆ డబ్బు చేతికొచ్చిన వారంలోనే పిల్లాడి కాలేజీ ఫీజుకో, పై అంతస్తు స్లాబుకో, మీకంటే ముందున్నవాళ్ల బాకీ తీర్చడానికో వెళ్లిపోయి ఉంటుంది. మీరు ఖాళీ చేసే రోజున మీకందేది కొత్తగా దిగేవాళ్ల డబ్బు. అందుకే "కొత్తవాళ్లు రాగానే ఇచ్చేస్తానమ్మా" అంటారు. అది ఎగ్గొట్టే మాటే కానక్కర్లేదు, చాలాసార్లు నిజమే. నిజమైనంత మాత్రాన మనం తలూపాలని లేదనుకోండి.

నేను రెండువైపులా ఉన్నదాన్ని. హైదరాబాదులో కూకట్‌పల్లి, మియాపూర్ల మధ్య అద్దె ఇళ్లు మారుతూ పిల్లల్ని పెంచుకొచ్చాం. తెనాలిలో నాన్నగారు కట్టిన ఇంట్లో కింది పోర్షను అద్దెకిస్తాం. ఆయన పోయాక అద్దెలూ రిపేర్లూ అన్నీ నేనే చూస్తున్నాను. కాబట్టి ఓనర్లందరూ దుర్మార్గులనే పాట నేను పాడలేను.

కొత్తవాళ్ల డబ్బుతోనే పాతవాళ్ల లెక్క తేలేటప్పుడు, ఎప్పుడు ఖాళీ చేస్తున్నామన్నది చాలా ముఖ్యం. మనవాళ్లు ఆషాఢంలో అద్దె ఇంట్లో కూడా పాలు పొంగించరు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. జ్యేష్ఠం చివర్లో ఖాళీ చేశారంటే టూలెట్ బోర్డు శ్రావణం దాకా గేటుకి వేలాడాల్సిందే. అదే ఏప్రిల్లో చెప్పేసి మే నెలాఖరుకి ఖాళీ చేస్తే, బడులు తెరిచేలోపు ఇల్లు మారాలని తిరిగేవాళ్లు బోలెడుమంది ఉంటారు. బదిలీ మీద వెళ్లేవాళ్లకి ఈ వెసులుబాటు ఉండదు. వాళ్లు ఆఫీసు గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటోలు పెట్టి తామే ఒకరిని వెతికిపెట్టడం మేలు. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లని విసుక్కోకుండా లోపలికి రానివ్వాలి కూడా. పొయ్యి మీద కూర మాడుతుంటే ఎవరో వచ్చి కప్‌బోర్డులు తెరిచి చూడటం ఎంత చిరాకో నాకు తెలుసు. కానీ ఆ వచ్చినవాళ్ల చేతిలోనే మీ అడ్వాన్స్ ఉంది.

ఇక పెయింటింగ్. గొడవల్లో పెద్దది ఇదే.

కిందటిసారి మేం ఖాళీ చేసిన ఇంటికి అద్దె పద్దెనిమిది వేలు, అడ్వాన్స్ రెండు నెలలది, 36,000. తాళాలివ్వడానికి వెళ్తే ఇంటాయన ఓ పాత కవరు వెనక రాసిపెట్టుకున్న లెక్క చూపించాడు. పెయింటింగ్ 18,000, గీజరు 2,200, క్లీనింగ్ 1,500, బాత్రూం తలుపు గొళ్లెం 300. పోగా మాకు రావలసింది 14,000. మావారు "పోనీలే" అనబోయారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

గొళ్లెం మా అబ్బాయి విరగ్గొట్టిందే, ఒప్పుకున్నాను. గీజరు ఎలిమెంటు పోయింది బోరు నీళ్ల వల్ల. ఆ ఉప్పునీళ్లకి ఎవరున్నా తెల్లగా గారకట్టి పోయేదే. క్లీనింగ్ అంటారా, పనిమనిషితో గదులన్నీ కడిగించి వీడియో తీసి ఉంచాను, చూపించాను. గోడల దగ్గరే అసలు పేచీ. మేమున్నది ఐదేళ్లు. ఐదేళ్లయ్యాక ఆ గోడలకి రంగు ఎలాగూ వేయించుకోవలసిందే, మేం కాకపోతే ఇంకొకరున్నా అంతే. పిల్లల గదిలో ఒక గోడ మాత్రం మావాళ్లు పెన్సిళ్లతో, స్టిక్కర్లతో పాడుచేశారు. ఆ గోడ ఖర్చు మాది, మిగతావి మీవి అన్నాను. ఇంటాయన ముఖం మాడ్చుకున్నాడు. లోపల్నించి వాళ్లావిడ వచ్చి, "ఆవిడ చెప్పేదాంట్లో న్యాయముందండీ" అన్నాక మెత్తబడ్డాడు. ఆ గోడకి నాలుగు వేలు, గొళ్లేనికి మూడొందలు పట్టుకుని 31,700 అప్పటికప్పుడు ఫోన్లో పంపాడు.

నేను చెప్పింది సొంత తెలివి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్‌లో ఉంది. అద్దెకున్నవాళ్లు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పజెప్పాలి, అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల వాళ్ల బాధ్యత కాదు. రంగు వెలవడం, స్విచ్చులు పసుపెక్కడం, కుళాయి వాషర్లు అరగడం అరుగుదల. సింకు పగలడం, గ్రానైటు మీద కొబ్బరికాయ కొట్టి బీట తెప్పించడం కాదు. గోడలకి మేకులంటారా, క్యాలెండరుకి ఒకటీ దేవుడి పటానికి ఒకటీ కొడితే ఏ ఓనరూ ఏమనడు. టీవీ స్టాండు కోసం డ్రిల్లు పెట్టి టైలు పగలగొడితే మాత్రం అనడూ?

కాకపోతే అగ్రిమెంటులో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును" అని ఉండి మీరు సంతకం పెట్టి ఉంటే, నా వాదన అంత తేలిగ్గా నడవదు. బాండ్ పేపరు మీద ఉన్నది ఎవరూ చదవరు. ఏడాదికి మించిన లీజులు రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి అందరూ పదకొండు నెలలకి రాసుకుంటారు, జిరాక్సు షాపులో దొరికే నమూనాలో పేర్లు మార్చి. ఆ నమూనాలోనే ఈ పెయింటింగ్ వాక్యం కూర్చుని ఉంటుంది. దిగకముందే కొట్టేయమని అడగండి. ఇల్లు ఖాళీగా పడి ఉన్న ఓనరు ఆ రోజు ఒప్పుకున్నంత సులువుగా తర్వాత ఎప్పుడూ ఒప్పుకోడు.

మా తమ్ముడు బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాడు. అక్కడ ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకోవడం ఆనవాయితీ, దాని మీద వాదన కూడా ఉండదు. అడ్వాన్స్ ఒకప్పుడు పది నెలలది అడిగేవారు, ఇప్పుడు ఐదారు నెలలకి ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. ముప్పై వేల అద్దెకి పది నెలలంటే మూడు లక్షలు, వడ్డీ లేకుండా. తమిళనాడు 2017లో చేసిన చట్టంలో మూడు నెలలకి మించకూడదని పరిమితి పెట్టింది. కేంద్రం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టం ఇళ్లకైతే రెండు నెలలే అంటుంది, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే లెక్క చూసి మిగతాది ఇచ్చేయాలంటుంది. అయితే పేరులోనే నమూనా ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది.

"చివరి రెండు నెలల అద్దె ఇవ్వం, అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనేవాళ్లున్నారు. ఓనరు ఒప్పుకుంటే అంతకన్నా హాయి లేదు, ఆ ఒప్పుకోలు వాట్సాప్‌లో ఉండాలి. చెప్పాపెట్టకుండా మానేస్తే మాత్రం మీరే బాకీదారు అవుతారు. తెనాలిలో మా ఇంట్లో ఉన్నవాళ్లు అలాగే చేసి, పైగా రెండు నెలల కరెంటు బిల్లు వదిలేసి వెళ్లారు. కనెక్షను నాన్నగారి పేరు మీద ఉంది. ఫ్యూజు పీకడానికి లైన్‌మన్ వచ్చాక గాని మాకు తెలియలేదు. ఓనర్లు చివర్లో బిగదీసుకునేది చాలామటుకు ఈ భయంతోనే. ఖాళీ చేసే రోజు మీటరు రీడింగు ఫొటో తీసి, అప్పటిదాకా బిల్లు మీరే కట్టి, మెయింటెనెన్స్ రసీదుతో పాటు పంపండి. ఆ తర్వాత ఆయన పక్కనుండగా ప్రతి గదీ తిరిగి, ప్రతి కుళాయీ తిప్పి, "ఇంకేమైనా ఉందాండీ" అని అడగండి. లేదంటే అదే మాట మెసేజ్ పెట్టమనండి.

డాలస్‌లో ఉండే మా అక్క కూతురు ఇదంతా విని నవ్వింది. టెక్సస్ చట్టం ప్రకారం ఖాళీ చేశాక 30 రోజుల్లో డబ్బయినా రావాలి, ఎందుకు పట్టుకున్నారో పద్దయినా రావాలి. దురుద్దేశంతో ఆపితే ఆపిన మొత్తానికి మూడింతలు, పైన వంద డాలర్లు కట్టాలి. కాకపోతే కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వనంతవరకు ఓనరు తిరిగివ్వక్కర్లేదు. మనవాళ్లలో కొత్తగా వెళ్లిన పిల్లలు తాళాలు పడేసి ఇండియా విమానం ఎక్కేస్తుంటారు, వాళ్లకి ఈ ముక్క చెప్పాలి.

ఇక్కడ ఎంతకీ ఇవ్వకపోతే? పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ మ్యాటరని పంపేస్తారు. ముందు ఎంత రావాలో, ఏ తేదీలోపు ఇవ్వాలో రాసి స్పీడ్ పోస్టులో పంపండి. డబ్బు వసూలుకి దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది. యాభై వేల కోసం కోర్టు చుట్టూ తిరగడం ఎవరికి కుదురుతుంది? అందుకే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వడం నయం. దావా వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదురుస్తారు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరి అవార్డు ఇచ్చారంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మా పిన్ని కొడుకు నిజాంపేటలో ఆ పనే చేశాడు. అక్కణ్ణించి నోటీసు అందాక ఓనరు తనంతట తనే ఫోను చేసి, "ఎంతకి తేల్చుకుందాం బాబూ" అన్నాడు. "మొత్తానికి సార్" అన్నాడు వీడు. రెండు విడతల్లో ఇచ్చేశాడు, పెయింటింగ్ ఊసెత్తకుండా.