ఎత్తు పారలేదు

'ఎత్తు' అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయని క్లాసులో పిల్లలకు చెబుతూ వుంటాను. గుమ్మానికి వుండేదీ ఎత్తే, చదరంగంలో వేసేదీ ఎత్తే. ఇరవై యేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను గాని, రెండు ఎత్తులూ ఒకేసారి ఎలా బోల్తాపడతాయో మాత్రం నాకు మా అత్తవారి పాత జీపు నేర్పింది.

మా అత్తవారిది కోనసీమలో ఒక లంక గ్రామం. వూళ్ళోంచి బయటపడాలంటే గోదావరి పాయ మీద కాజ్‌వే దాటాలి. ఎండాకాలంలో అది రోడ్డు. వరదొస్తే అదే గోదావరి. మా మామగారు బతికుండగా కొన్న కమాండర్ జీపు ఒకటి ఇప్పటికీ ఆ ఇంటి చావడిలో వుంది. అంబాజీపేటకు కొబ్బరికాయలు మోసింది, రావులపాలేనికి అరటిగెలలు మోసింది, ఒకనాడు పెళ్ళికూతురి ముస్తాబులో మా ఆవిణ్ణి కూడా మోసింది. అంచేత దాన్ని అమ్మేద్దామని ఎవరైనా అంటే మా అత్తగారు మర్నాటిదాకా వాళ్ళతో మాట్లాడరు.

2022 జూలైలో గోదావరి వచ్చిన తీరు ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర నీరు 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ యేడు 21 అడుగులు మించింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. 1986 ఆగస్టులోనైతే 35 లక్షలు దాటింది. ఇవన్నీ రాజమండ్రిలో కూర్చున్న నాకు పేపర్లో అంకెలు. లంకలో వున్న మా అత్తగారికి మాత్రం ఆ అంకెలకు అర్థం ఒక్కటే: ఇన్సులిన్ సీసా అడుగంటింది, కొత్తది తెచ్చే దారి లేదు. మూడో రోజున పడవ వచ్చేదాకా మా ఆవిడ ఫోను చేతిలోంచి దించలేదు.

నీళ్ళు తీశాక మా బావమరిది ఒక మాట అన్నాడు. "ఆఖరి రోజున కాజ్‌వే మీద నీరు ఏపాటి వుందనుకున్నారు బావగారూ? జీపు ఇంకాస్త ఎత్తుగా వుంటే దాటేసేవాణ్ణి." ఆ 'ఇంకాస్త' వాడి బుర్రలో యేడాదిపాటు తిరిగింది. మరుసటి వేసవి సెలవులకు మేం వెళ్ళేసరికి వాడు సిద్ధంగా వున్నాడు. బజారులో మెకానిక్కుకు ఇవ్వకుండా, మన ఇంట్లోనే, మన చేతుల్తోనే జీపుకు 'బాడీ లిఫ్ట్' చేద్దామన్నాడు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. పాత జీపులకు అడుగున నిచ్చెనలాంటి ఇనప చట్రం వుంటుంది. దాన్ని ఛాసిస్ అంటారు. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు, చక్రాలు అన్నీ దాన్నే ఆశ్రయించుకుని వుంటాయి. మనం కూర్చునే డబ్బా, అంటే బాడీ, ఆ చట్రం మీద రబ్బరు దిమ్మలపై ఆని, బోల్టులతో బిగించి వుంటుంది. ఆ బోల్టులు విప్పి, బాడీని పైకి లేపి, మధ్యలో దిమ్మలు పెట్టి, పొడుగాటి బోల్టులతో మళ్ళీ బిగించడమే బాడీ లిఫ్ట్. ఈనాటి చిన్నకార్లు చాలావాటికి విడిగా చట్రమే వుండదు గనక వాటికి ఈ వైద్యం కుదరదు. అమెరికాలో పెద్ద టైర్లు వేసుకోవాలని సరదాపడేవాళ్ళు ఈ పని విరివిగా చేస్తారు. టైరుకూ, పైనున్న రెక్కకూ మధ్య జాగా పెరుగుతుందని వాళ్ళ ఉద్దేశం. అక్కడ చేతిలో డబ్బాడని కుర్రాళ్ళు మంచు మీద ఆడే హాకీ బిళ్ళలు, అంగుళం మందాన వుండే నల్లటి రబ్బరు బిళ్ళలు, బెజ్జం వేసి దిమ్మలుగా వాడిన సందర్భాలున్నాయి.

మన దగ్గర హాకీ బిళ్ళలెక్కడివి? తాడి చేవతో దిమ్మలు కోయిద్దామన్నాడు మా పాలేరు. ఇంటి దూలాలకు అంతటిది లేదు గాని, జీపు అదురుకు కర్ర నలుగుతుంది, చీలుతుంది. చివరికి లేత్ మిషను దగ్గర రెండంగుళాల నైలాన్ దిమ్మలు ఎనిమిది తీయించాం. వాటికి తగ్గ పొడుగైన గట్టి బోల్టులు కొన్నాం. పాతవాటి పొడవు చాలదు, మెత్తటి ఇనుముతో చేసినవి పనికిరావు.

పని మామిడిచెట్టు కింద మొదలైంది. బ్యాటరీ వైరు పీకేశాం. చక్రాలకు అడ్డుగా ఇటుకలు పెట్టాం. బోల్టులకు అంతకు రెండు రోజుల ముందే నూనె పట్టించాం గాని, ముప్ఫయ్యేళ్ళ ఉప్పుగాలి తిన్న బోల్టులు నూనెకు లొంగుతాయా? ఎనిమిదింటిలో మూడింటిని రంపంతో కోయవలసి వచ్చింది. పద్ధతి ఏమిటంటే, రెండు పక్కలా ఒకేసారి విప్పకూడదు. ఒక పక్క బోల్టులు తీసి, రెండో పక్కవి వదులు చేసి మాత్రమే వుంచాలి. బాడీ రేకు నొక్కుకుపోకుండా జాకీ నెత్తిన మందపాటి చెక్క పెట్టి, అంగుళం అంగుళంగా లేపాలి. దిమ్మ పెట్టేటప్పుడు వేళ్ళు ఛాసిస్‌కూ, బాడీకీ మధ్య పోనివ్వకూడదు. ఈ చివరి మాట మా అత్తగారు వరండాలోంచి పదిసార్లు చెప్పారు. ఆవిడ మెకానిక్కు కాదు గాని రోలూ రోకలీ తెలిసిన మనిషి.

లేపడం ఒక పూటలో అయిపోయింది. అసలు పని అక్కణ్ణించి మొదలైంది. బాడీ పైకి వెళ్ళింది, ఇంజను వెళ్ళలేదు. అంచేత ఈ రెంటినీ కలిపే ప్రతి వస్తువూ మొరాయించింది. గేరు రాడ్డు నేలలోకి రెండంగుళాలు కుంగినట్టయి, బెజ్జం అంచుకు కొట్టుకుంది. రేడియేటరు బాడీతోపాటు లేచింది, ఫాను ఇంజనుతోపాటు కిందే వుంది. రెక్కలు వెళ్ళి చుట్టూ వున్న రేకుకు తగిలాయి. స్టీరింగు గొట్టం వంకర తిరిగి బిగుసుకుంది. బ్రేకు పైపు బాడీ మీంచి కిందికి దిగేచోట తీగలా సాగింది. అది చూసి నాకు గుండె జారింది. బ్రేకు పైపు తెగితే జీపు ఆగదు. ఇవన్నీ సరిచేయడానికి మరో అయిదు రోజులు పట్టింది. వూరి మెకానిక్కుని పిలవక తప్పలేదు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "మేష్టారూ, ఇల్లు లేపి మెట్లు మరిచిపోయారండీ!" అన్నాడు.

ఏమైతేనేం, ఆరో రోజున జీపు కదిలింది. ఠీవిగా వుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా బావమరిది మీసం మెలేశాడు. నేను కూడా, అబద్ధమెందుకు, ఆ ఎత్తు మీంచి వీధిని చూసి కాస్త పొంగిపోయాను. కాలవగట్టు మలుపులో మాత్రం జీపు మునుపటికంటె ఎక్కువ ఒరిగినట్టనిపించింది. బరువు పైకెక్కితే బండి తూలడం సహజం. ఆ సంగతి నేను గమనించాను గాని పైకి అనలేదు.

ఆ వర్షాకాలంలో గోదావరి మళ్ళీ పొంగింది. నీళ్ళు ఇంకా పెరుగుతాయనగానే అత్తగారిని రాజమండ్రి తీసుకొచ్చేద్దామని నేను వెళ్ళాను. మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక. బావమరిది చక్రం పట్టాడు. కాజ్‌వే మీదికి దిగాం. మొదట చక్రాల అడుగు తడిసింది. తరవాత ఇరుసు మునిగింది. సీటు పొడిగానే వుంది. "చూశారా బావగారూ!" అన్నాడు వాడు. మరో పదిగజాలు వెళ్ళేసరికి ఫాను నీటిని చిలికి ఇంజనంతా చిందించింది. ఇంజను దగ్గింది. వెనకచక్రం ప్రవాహం వేపు ఒక్క జానెడు జరిగింది.

ఆ జానెడు కదలిక నాకు ఇప్పటికీ ఒంట్లో తెలుస్తుంది. అవతలి గట్టు మీంచి పడవవాళ్ళు కేకలు వేశారు. వాడు తెలివైనవాడు గనక ఆపకుండా వచ్చిన దారినే వెనక్కి లాగాడు. గట్టెక్కాక ఎవ్వరం మాట్లాడలేదు. అత్తగారే అన్నారు: "జీపు ఎత్తు పెంచారు గాని నాయనా, గోదారికి చెప్పలేదు." తరవాత ఆవిడ సంచి చంకన పెట్టుకుని నింపాదిగా పడవెక్కారు.

ఆ రాత్రి లెక్క వేసుకుంటే తెలిసింది. మేం లేపింది మనుషుల్ని, జీపుని కాదు. నీటికి భయపడేవి ఇంజనూ, అది గాలి పీల్చుకునే చోటూ. మా జీపులో ఆ రెండూ ఛాసిస్‌తోపాటు పాత ఎత్తులోనే వుండిపోయాయి. గాలితోపాటు నీళ్ళు లోపలికి పోతే ఇంజను అక్కడికక్కడే విరుగుతుంది. ఎందుకంటే గాలి అణుగుతుంది, నీరు అణగదు. ఇక నీళ్ళలో దిగిన బండి ఎంత నీటిని తొలగిస్తే అంత బరువు కోల్పోతుంది. ఒక్క ఘనపుటడుగు నీరు 28 కిలోలు. మునిగినకొద్దీ టైర్లకు నేల మీద పట్టు సడలుతుంది, పక్కనుంచి ప్రవాహం తోస్తుంది. పెద్ద టైర్లు వేస్తే ఇరుసు లేస్తుంది, స్ప్రింగులు మారిస్తే చట్రం లేస్తుంది, దిమ్మలు పెడితే సీటు లేస్తుంది. మూడూ ఎత్తులే. మాకు కావలసింది ఒకటి, మేం చేసింది మరొకటి. పైగా కట్టిన బండి ఎంత ఎత్తయినా పారే నీటిలో దింపకూడదన్నది వీటన్నిటికీ పై మాట.

చట్టం సంగతి కూడా అప్పుడే చదివాను. ముందే చదవవలసింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసినవారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే యేడు చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కూడాను. తనిఖీలో మా నైలాన్ దిమ్మలు దాగేవా?

దసరా సెలవుల్లో దిమ్మలన్నీ తీసేశాం. దించడం లేపడమంత కష్టం కాలేదు. ఈసారి మెకానిక్కు మొదటి రోజునే వచ్చాడు. కొత్త రబ్బర్లు వేసి, బ్రేకు పైపు మార్చి, జీపును దాని పాత ఎత్తుకు తెచ్చాడు. నైలాన్ దిమ్మలు ఎనిమిదింటినీ మా అత్తగారు పారేయనివ్వలేదు. రెండు జతలు ధాన్యపు గాదెల కింద పెట్టారు, చెమ్మ ఎక్కకుండా.

మా డెల్టాలో ఇల్లు కట్టేవాడు ముందు మెరక వేస్తాడు. మంచం కాళ్ళు పొడుగు చేసుకుని నిశ్చింతగా పడుకోడు. నీళ్ళ మధ్య తరతరాలుగా బతికిన పెద్దల తెలివి అది. మేం చేసింది మంచం కాళ్ళ పని. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. జూన్ రాగానే అత్తగారికి రెండు నెలల మందు ముందే కొని వుంచుతాం. ధవళేశ్వరంలో 11.75 అడుగుల మొదటి హెచ్చరిక వినబడగానే జీపు కాజ్‌వే దాటి ఇవతలి గట్టు మీది చుట్టాలింటికి చేరుతుంది. ఆపైన లంకనుంచి గట్టుదాకా పడవ, గట్టునుంచి ఆస్పత్రిదాకా జీపు. ఎవరి పని వారిది.

ఈ ఎత్తు మాత్రం పారింది. ఇది వేసినది మా బావమరిదీ కాదు, నేనూ కాదు. పడవలోంచి దిగుతూ మా అత్తగారు చెప్పిన మాట ఇది: "జీపు గట్టు మీదుంటే చాలదటర్రా?"