కడలి దాటిన కోవెల



పరమాత్మ ఐదు విధాలుగా వేంచేసి ఉంటాడని పాంచరాత్రాగమం బోధిస్తుంది. పరము, వ్యూహము, విభవము, అంతర్యామిత్వము, అర్చ అనేవి ఆ ఐదు. పరమపదం మన కంటికి అందదు. వ్యూహమూర్తి పాలకడలిలో ఉన్నాడు. రామకృష్ణాది అవతారాల కాలంలో మనం లేము. హృదయంలోని అంతర్యామిని దర్శించడానికి యోగసాధన కావాలి. ఇవేవీ అందుకోలేని సామాన్యుని కోసం స్వామి స్వీకరించినదే అర్చారూపం. భక్తుడు మలిచిన మూర్తిలో నిలిచి, భక్తుడు పెట్టిన వేళకు ఆరగించి, భక్తుడు చూపిన చోట కొలువుండడం ఆ రూపానికి లక్షణం. దీనినే పెద్దలు సౌలభ్యగుణం అన్నారు.

మరి ఈ సౌలభ్యానికి ఎల్లలున్నాయా? సముద్రం దాటితే ఆచారం చెడుతుందని ఒకప్పుడు మనవారు భయపడేవారు. పుణ్యనదులూ, పుణ్యక్షేత్రాలూ లేని దేశంలో దేవుడు వెలుస్తాడా అని శంకించేవారు. ఈ శంకకు శాస్త్రవాదం కంటె ఒక కూలివాని జీవితమే చక్కని సమాధానం.

కరీబియన్ సముద్రంలో ట్రినిడాడ్ అనే ద్వీపం ఉంది. అక్కడి చెరకు తోటలలో పని చేయించడానికి ఆంగ్లేయ పాలకులు మన దేశం నుండి ఒప్పంద కూలీలను తరలించారు. వారితో బయలుదేరిన మొదటి ఓడ 1845 మే 30న ఆ తీరానికి చేరింది. 1917లో ఈ పద్ధతి ఆగిపోయే నాటికి సుమారు 1,43,000 మంది ఆ గడ్డపై దిగారు. వారిలో ఎక్కువమంది గంగాతీర ప్రాంతాలవారు. చెన్నపట్టణం రేవు నుండి వెళ్ళిన దక్షిణాదివారు కూడా కొందరున్నారు. ఆలయాలు కట్టే స్తోమత వారికి లేదు. వెదురుకర్రకు జెండా కట్టి, ఇంటి ముంగిట నాటి, ఆంజనేయస్వామిని కొలుచుకున్నారు. అటువంటి జెండాలు నేటికీ అక్కడి హిందువుల లోగిళ్ళలో ఎగురుతూ కనిపిస్తాయి.

ఆ ద్వీపంలోని వాటర్లూ గ్రామంలో శివదాస్ సాధు అనే భక్తుడు ఉండేవాడు. భారతదేశంలో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులతో అక్కడికి వెళ్ళి, చెరకు తోటలో కూలిపని చేసి బ్రతికినవాడు. 1947లో ఆయన సముద్రతీరాన ఒక చిన్న ఆలయం నిర్మించాడు. ఆ స్థలం చక్కెర కంపెనీది. ఆలయాన్ని తీసివేయమని ఉత్తరువు వచ్చింది. దేవుని గుడిపై చేయి వేయడానికి ఆయన సమ్మతించలేదు. 1952లో ఆలయాన్ని కూలగొట్టారు. న్యాయస్థానం ఆయనకు 14 రోజుల చెరసాల శిక్షను, దానితో పాటు జరిమానాను విధించింది.

చెర నుండి వచ్చిన సాధు ఎవరినీ నిందించలేదు. నేలమీద చోటు లేనప్పుడు, ఎవరి సొత్తూ కాని సముద్రంలోనే కడతానని నిశ్చయించాడు. సైకిలుకు బకెట్లు తగిలించుకొని రాళ్ళు, ఇసుక, సిమెంటు మోసుకొని వెళ్ళేవాడు. అల వెనుకకు తగ్గిన వేళ చూసి, పీపాలు దింపి, వాటిలో కాంక్రీటు నింపి పునాది వేసేవాడు. పిచ్చివాడని నవ్వినవారున్నారు. ఆయన పట్టు వదలలేదు. ఒడ్డు నుండి సుమారు 500 అడుగుల దూరాన, దాదాపు 25 సంవత్సరాలు ఒంటరిగా శ్రమించాడు. ఆయన తనువు చాలించే నాటికి పని పూర్తి కాలేదు. కట్టినది కూడా అలల తాకిడికి శిథిలమవుతూ వచ్చింది. అయితే భారతీయులు ఆ ద్వీపానికి వచ్చి 150 ఏళ్ళు నిండిన 1995లో ప్రభుత్వమే పూనుకొని ఆ ఆలయాన్ని పునర్నిర్మించింది. ఒకనాడు ఏ భక్తుని చెరకు పంపారో, ఆ భక్తుని విగ్రహం నేడు ఆ తీరాన నిలిచి ఉన్నది.

క్షేత్రాలు నాలుగు విధాలని మన ఆగమాలు చెబుతాయి. స్వామి తనంత తాను వెలసినవి స్వయంవ్యక్తాలు. దేవతలు ప్రతిష్ఠించినవి దివ్యాలు. ఋషులు ప్రతిష్ఠించినవి ఆర్షాలు. మనుష్యులు నిర్మించినవి మానుషాలు. సాధు కట్టినది మానుషమే. ఆయనకు రాజాశ్రయం లేదు, ధనబలం లేదు. ఉన్నది స్వామి వస్తాడన్న నమ్మకమొక్కటే. సౌలభ్యం అంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. మనం చోటు చూపలేని దైన్యంలో ఉన్నప్పుడు, అలల మధ్యనైనా కూర్చుండడానికి స్వామి వెనుదీయడు.

మన తెలుగువారి చరిత్రలోనూ ఈ సత్యం కనిపిస్తుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో గోదావరి, విశాఖ మండలాల నుండి మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీలు సింహాద్రి అప్పన్నను, రామభజనను, అమ్మోరు పండుగను విడువలేదు. తరువాతి తరాలవారిలో అనేకులు తెలుగు మాట మరచినా, ఆ పూజలు నేటికీ అక్కడ జరుగుతున్నాయి. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరం చెంత, పెన్ హిల్స్ కొండమీద, తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో 1976లో శ్రీ వేంకటేశ్వరాలయ నిర్మాణం ఆరంభమైంది. వీరు చదువుకొని ఉద్యోగాలకు వెళ్ళినవారు. శివదాస్ సాధు పడిన పాట్లు వీరికి లేవు. అయినా మనసులోని కొరత ఒక్కటే.

అక్కడ పూజలో సంకల్పం చెప్పేటప్పుడు అర్చకులు జంబూద్వీపాన్ని, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ చెప్పరు. క్రౌంచద్వీపమని ఆ దేశానికి తగిన పేరు చెబుతారు. దేశకాలాలు మారినా కర్త, సంకల్పం, స్వామి మారరన్నమాట. లివర్‌మోర్, లాన్‌హామ్ పట్టణాలలోని ఆలయాలలో శివకేశవులు ఒకే ప్రాంగణంలో పూజలందుకొంటున్నారు. హరిహరనాథునికి భారతాన్ని అంకితమిచ్చిన తిక్కన సోమయాజి పుట్టిన జాతికి ఇది కొత్త సంగతి కాదు.

భక్తులారా! ఇంత దూరపు కథను ఇక్కడ చెప్పుకోవడానికి ఒక కారణం ఉన్నది. మన పూర్వులు గుళ్ళు కట్టి, మాన్యాలిచ్చి, మన చేతిలో పెట్టి వెళ్ళారు. వాటి కోసం మనం చెరకు వెళ్ళనక్కరలేదు, రాళ్ళు మోయనక్కరలేదు. అయినా ఎన్ని గ్రామాలలో సాయంవేళ గర్భగుడి చీకటిగా ఉండడం లేదు! దీపంలో నూనె పోసేవారు లేక, ఒక్క అర్చకుడే తలుపు తీసి మూసి వెళ్ళే కోవెలలు ఎన్ని లేవు! ఆ భక్తుడు 25 ఏళ్ళు సైకిలుమీద మోసిన బరువులో లేశమైనా మనం మోయగలమా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. రేపు సాయంకాలం మీ ఊరి గుడికి ఒక గిద్దెడు నూనె తీసుకొని వెళ్ళండి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. స్వామి అక్కడ మన కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

స్వస్తి.