ఐదు కిలోమీటర్లు, ఇరువదియైదు నిమిషములు

నేను వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపూరు నివాసిని, బడిపంతులను. వయస్సు 54 ఏండ్లు. పదునెనిమిదవ శతాబ్దమున వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి యాలయము మా యూర గలదు. ఆ యాలయము చెంతనున్న చెరువుకట్టమీద గత మూడేండ్లుగా తెల్లవారకముందే పరుగెత్తుచున్నాను. మొదటి దినములలో కట్టమీద నాకు ఎదురుపడినవాడు ఒక వృద్ధుడు. పడుచునాట ఆ చెరువు తూములు తెరచుట, మూయుట ఆయన పని. నన్ను ఆపి, వెనుకకు చూచి, కుక్కగాని మరేదిగాని వచ్చుట లేదని నిశ్చయించుకొని, "సారూ, మిమ్ముల ఎవరు తరుముతున్నరు?" అని అడిగెను.

ఆ నాడు నేను సమాధానము చెప్పలేకపోయితిని. ఈ ప్రసంగము ఆయన ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమే. మీ యూళ్లలోను ఏ కుర్రవాడో, ఏ నడివయస్సువాడో ఇట్లు వేకువను పరుగెత్తుట మీరు చూచియే యుందురు. వాడు పోలీసు కొలువునకో, పటాలమునకో సాధన చేయుచున్నాడనిన మనకు వెంటనే బోధపడును. ఏ కొలువునకును కాదు, ఐదు కిలోమీటర్ల దూరమును ఇరువదియైదు నిమిషములలో ముగించుటకు అనిన మాత్రము వాని తలలో ఏదో చెడినదని తలంతుము. నేనును ఒకప్పుడట్లే తలచినవాడను.

నేడు పట్టణములలో బాటపరుగు పందెములు విరివిగా జరుగుచున్నవి. హైదరాబాదు మారథాను 2011లో మొదలైనది. మారథానన్నది 42 కిలోమీటర్ల 195 మీటర్ల దీర్ఘమైన పరుగు. అంత శక్తి లేనివారికి పది, ఐదు కిలోమీటర్ల పొట్టి పందెములును నడుపుదురు. పందెమనగానే ఒకడు గెలుచుట, తక్కినవారు ఓడుట యని కదా మన యెన్నిక. ఇందు అట్లు కాదు. వేలకొలది జనము బయలుదేరుదురు. మొదట వచ్చు నలుగురైదుగురికి దప్ప ఎవ్వరికిని బహుమాన మాసింపబనిలేదు. పైగా రుసుము చెల్లించి పరుగెత్తవలయును. డబ్బిచ్చి అలసిపోవుటయా యని మా యింటిలో చాలదినములు నవ్వుకొనిరి.

మరి ఆ వేలమంది దేనికి పోటీపడుదురు? తమ నిన్నటి కాలముతో. పరుగెత్తువాని రొమ్మున కట్టు అంకెల కాగితము వెనుక ఒక చిన్న బిళ్ల యుండును. బయలుదేరు గీతను దాటినప్పుడును, ముగింపు గీతను దాటినప్పుడును అక్కడి యంత్రము ఆ బిళ్లను గుర్తించి, రెంటి నడుమ గడచిన కాలమును క్షణములతో సహా వ్రాసికొనును. గుంపులో వెనుక నిలిచినవానికి ఇందువలన అన్యాయము జరుగదు. ఆ యంకెకు సిఫారసు పనిచేయదు. నా జీవితములో పరీక్షల మార్కులు మొదలు బదిలీల వరకు నేను చూచిన లెక్కలలో ఇంత నిక్కమైనది మరియొకటి లేదు.

నేను ఈ దారి పట్టుటకు కారణము వేరు. మా తండ్రిగారికి చక్కెర వ్యాధి. కాలి పుండు మానక, పాదము తీసివేయవలసివచ్చెను. తరువాత ఆయన రెండేండ్లు అరుగుమీద కూర్చుండి, దారినిబోవువారి కాళ్లవంక చూచుచుండెడివారు. నా 51వ యేట రక్తపరీక్షలో నాకును ఆ వ్యాధి గుమ్మము దాక వచ్చినదని తెలిసెను. వైద్యుడు దినమునకు అరగంట నడువుమనెను. నడచితిని. నెల గడచుసరికి విసుగు పుట్టెను. ఒక నాడు మా బడిపిల్లలతో పాటు పరుగెత్తి, మైదానమును రెండు సారులు చుట్టి, ఆయాసముతో చతికిలబడితిని. కాని మరునాడు మరల పోవలెనని మనసాయెను. నిజము చెప్పవలెనన్న ఆరోగ్యమునకు నడకయే చాలును, కాలమును కొలువ బనిలేదు. ఆ కొలత నా మనస్సునకు కావలసివచ్చినది. లెక్క లేని పనిని నేను నెలకు మించి చేయలేను.

ఐదు కిలోమీటర్లు 25 నిమిషములలో అనగా కిలోమీటరునకు సరిగా ఐదు నిమిషములు, గంటకు 12 కిలోమీటర్ల వేగము. ఉగాండా దేశపు జాషువా చెప్టెగై 2020 ఆగస్టు 14న మొనాకోలో 5000 మీటర్లను 12 నిమిషముల 35 క్షణములకు కొంచెము మించి ముగించెను. కిలోమీటరునకు రెండున్నర నిమిషములు! మన దేశపు గుల్వీర్ సింగు 2025లో పదివేల మీటర్లను 27 నిమిషములలో పరుగెత్తెను. నేను కోరినది వారి వేగములో సగము. అయినను నావంటివానికి అది కొండయే.

మొదటి పందెమునకు ఆరు నెలల సాధనతో పోయితిని. బాకా మ్రోగగానే పడుచువారితో పాటు ఉరికితిని. మొదటి కిలోమీటరు 4 నిమిషముల 20 క్షణములు! ఆ సంతోషమున రెండవది 4 నిమిషముల 50. మూడవది 5 నిమిషముల 35. నాలుగవది 6 నిమిషముల 5. చివరిది 6 నిమిషముల 10. అందు కొంత దూరము నడచితిని. మొత్తము 27 నిమిషములు. తిరిగివచ్చిన పిమ్మట చెరువుకట్ట మీది ఆ వృద్ధునితో ఈ సంగతి చెప్పగా, ఆయన నవ్వి, తొలినాడే తూము బారెడు ఎత్తిన ఆయకట్టు చివరి మళ్లకు ఏమి మిగులుననెను. పరుగుశాస్త్రములో దీనికి మించిన వాక్యమును నేను తరువాత కూడ వినలేదు.

ఇందలి కారణమును శాస్త్రజ్ఞులు నూరేండ్ల క్రిందటనే వెదకిరి. ఆంగ్లేయుడైన ఏ. వి. హిల్ అను శరీరశాస్త్రజ్ఞుడు కండరములలో పుట్టు వేడిని గూర్చిన కృషికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము నొందెను. ఆయన స్వయముగా పరుగెత్తువాడు. పరుగెత్తుచు తన ఊపిరిని సంచిలో పట్టి పరీక్షించెను. వేగము పెరిగినకొలది శరీరము తీసికొను ప్రాణవాయువు పెరుగును. కాని ఒక హద్దు చేరిన పిమ్మట మరి పెరుగదు. ఆ హద్దును మించి పరుగెత్తువాడు అప్పు చేసి పరుగెత్తుచున్నాడు. ఆగిన పిమ్మట చాలసేపు రొప్పుట ఆ అప్పును తీర్చుటయే యని హిల్ వర్ణించెను. సావుకారు చిట్టా ఎరిగిన మన పెద్దలకు ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. అప్పు చివరి రెండు ఫర్లాంగులలో చేసిన చెల్లును. మొదటి కిలోమీటరులోనే చేసినవాడు వడ్డీ కట్టలేక దారిలో కూలబడును. నాటివారు కండరములలో పుట్టు లాక్టికామ్లమును విషమని తలచిరి. నేటి పరిశోధనములనుబట్టి అది విషము కాదు. గుండెయు, ఇతర కండరములును దానిని ఇంధనముగా వాడుకొనుచున్నవి. కాళ్లు బరువెక్కుటకు కారణములు పెక్కు గలవు.

ఫిన్లాండు దేశపు పావో నుర్మి ఈ కిటుకును అనుభవమున గ్రహించినవాడు. చేత గడియారము పట్టుకొని, ప్రక్కవానిని గాక దానినే చూచుచు, సమవేగమున పరుగెత్తెడివాడు. 1924 పారిసు ఒలింపికులలో ఒకే దినమున, సుమారు గంట వ్యవధిలో, 1500, 5000 మీటర్ల పందెములను రెంటిని గెలిచెను. 1932లో, డబ్బు పుచ్చుకొనెనను నిందపై, ఆయనను ఒలింపికులనుండి తొలగించిరి. పరుగెత్తువాడు వేడుకకే పరుగెత్తవలెనను కట్టుబాటు నాడు అంత బిగువుగా నుండెడిది. ఆ కట్టుబాటు నేడు సడలిపోయినది. నావంటివానికి మాత్రము ఎవ్వరును డబ్బివ్వరు గనుక నేను నేటికిని వేడుకపరుగువాడనే.

సమవేగము కావలెనన్న ముందు దూరము సరిగా తెలియవలయును. పెద్ద పందెముల దారిని సైకిలు చక్రమునకు చుట్ల లెక్కగట్టు పరికరమును తగిలించి కొలుతురు. పొరపాటున దారి కురుచ కాకుండుటకు కిలోమీటరునకు ఒక మీటరు అదనముగా కలుపుదురు. నేనును ఆ పద్ధతినే పట్టితిని. నా పాత సైకిలు ముందుచక్రము ఒక్క చుట్టునకు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు పోవును. అనగా కిలోమీటరునకు సుమారు 448 చుట్లు. చక్రమునకు ఎఱ్ఱగుడ్డ కట్టి, పెబ్బేరు పోవు దారిలో 1121 చుట్లు లెక్కించి, అక్కడి రాతికి సున్నము పూసితిని. పోయి రాగా ఐదు కిలోమీటర్లు. సున్నపు గుర్తును చూచి, ఎవరో పొలము కొలుచుచున్నారని రెండు దినములు ఊర పుకారు పుట్టినది. అది వేరు కథ.

ఇక సాధన. వేగముగా పరుగెత్తుటకు దినదినము వేగముగా పరుగెత్తవలెనని మనము తలంతుము. అది పొరపాటు. నా పరుగులో ఐదింట నాలుగు పాళ్లు మిక్కిలి నెమ్మది. కిలోమీటరునకు ఏడు నిమిషములు. ప్రక్కవానితో పూర్తి వాక్యము మాటలాడగలిగినంత నెమ్మదిగా పోవలయును. మాట తెగినచో వేగము ఎక్కువైనదన్నమాట. ఇట్లు నెలల తరబడి పరుగెత్తగా, గుండె ఒక్కొక్క కొట్టుడునకు ఎక్కువ నెత్తురును పంపనేర్చును. కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును. వారమునకొక నాడు మాత్రము వేగము. 400 మీటర్లను ఒక నిమిషము 55 క్షణములలో పరుగెత్తి, నిమిషమున్నర నడచి, మరల పరుగెత్తుట. ఇట్లు ఎనిమిది మారులు. చెకోస్లొవేకియా దేశపు ఎమిల్ జాటొపెక్ ఈ తునుకల సాధనను విపరీతముగా చేసి, 1952 హెల్సింకి ఒలింపికులలో 5000, 10000 మీటర్లను, మారథానును మూడింటిని గెలిచెను. ఒక సాధన చేసిన మరునాడు విశ్రాంతి తప్పదు. దున్నిన ఎద్దులకు మేతయు, నీడయు ఇచ్చు రైతు తన దేహమునకు వానిని ఇవ్వకపోవుట వింతగా నుండును.

మా పాలమూరి ఎండ యెట్టిదో మీకు చెప్పనేల? వేడిలో నెత్తుటికి రెండు పనులు పడును: కాళ్లకు ప్రాణవాయువును మోయుట, చర్మమునకు పోయి ఒంటిని చల్లార్చుట. ఎవ్వరి భాగమును చాలదు. కావున వేసవిలో సూర్యోదయమునకు ముందే ముగింతును. కాలమును గూర్చి ఆశపడను. ఇంటికి వచ్చి ఉప్పువేసిన మజ్జిగయో, జొన్న అంబలియో త్రాగుదును. కడుపునిండ తిని పరుగెత్తరాదు.

మీలో ఎవ్వరైనను, మీ పిల్లలైనను పూనుకొన్నచో రెండు మూడు మాటలు మరువవలదు. నలుబది దాటినవారు మొదట వైద్యునికి చూపుకొనవలయును. రొమ్ములో నొప్పియో, బిగువో, కన్నులు తిరుగుటయో కలిగినచో తత్‌క్షణమే ఆగి వైద్యునికడకు పోవలయును, పంతమునకు పోరాదు. చక్కెర యున్నవారు పరుగు ముగియగానే పాదములను, వ్రేళ్ల సందులను చూచుకొనవలయును. నేను ఈ పని చేయునప్పుడెల్ల మా తండ్రిగారు జ్ఞప్తికి వత్తురు. దారిలో వాహనములకు ఎదురుగా నుండు ప్రక్కనే పరుగెత్తవలయును. పంజాబు రైతుబిడ్డ ఫౌజా సింగు ముదిమిలో పరుగు మొదలుపెట్టి, నూరేండ్ల వయస్సు చెప్పుకొనుచు 2011లో టొరంటో మారథాను ముగించి లోకమును అబ్బురపరచెను. అట్టివాడు 2025 జులైలో తన యూరి కడ దారి దాటుచు కారు తగిలి మరణించెను. ముసలితనమునకు లొంగనివాడు చక్రమునకు లొంగవలసివచ్చెను.

రెండవ పందెమున గర్వము మాని, మొదటి కిలోమీటరు 5 నిమిషముల 10 క్షణములకు పోనిచ్చితిని. ఎందరో నన్ను దాటిపోయిరి. నాలుగవ కిలోమీటరున వారిలో చాలమంది మరల కనబడిరి. మొత్తము 25 నిమిషముల 55 క్షణములు. మూడవ పందెము గత శీతకాలమున. మొదటి కిలోమీటరు సరిగా 5 నిమిషములు. రెండవది 5 నిమిషముల 1 క్షణము. మూడవదానియందు నీళ్ల బల్లకడ గ్లాసు అందుకొనుటకు నెమ్మదించితిని: 5 నిమిషముల 6. నాలుగవది 5 నిమిషముల 4. చివరిదానియందు నాకున్న అప్పుపరపతి నంతయు వాడితిని: 4 నిమిషముల 58. గీత దాటి, మోకాళ్లపై చేతులుంచి, గడియారము చూచితిని. 25 నిమిషముల 9 క్షణములు.

తొమ్మిది క్షణములనగా నా వేగమున ముప్పది మీటర్లు. మా యింటి గుమ్మమునుండి వీధి మూలనున్న వేపచెట్టు వరకు. ఆ రాత్రి ఇల్లు చేరి, ఆ దూరమును అడుగులతో కొలిచి చూచితిని. నా భార్య గడపలో నిలిచి చూచి, ఏమియు ననక, లోపలికి పోయి అన్నము వడ్డించినది. రక్తములో చక్కెర హద్దు దాటలేదు. వైద్యునికి అంతే చాలును. నాకు చాలలేదు. వయస్సు గడచినకొలది ఊపిరి హద్దు తగ్గును. వ్యాయామము లేనివారికి పదేండ్లకు సుమారు పదవవంతు తగ్గునని చెప్పుదురు, సాధన చేయువారికి ఇంకను తక్కువ. కావున ఆ ముప్పది మీటర్లకు నాకు గడువు చాలదినములు లేదు.

వచ్చు శీతకాలపు పందెమునకు రుసుము కట్టితిని. ఈసారి నీళ్ల బల్లకడ ఆగను. ఐదు కిలోమీటర్లకు, చల్లని ఉదయమున, దారిలో నీరు అవసరము లేదని తెలిసికొంటిని. ప్రతి బుధవారము వేకువను ఆ వృద్ధుడు తూము గోడమీద దుప్పటి కప్పుకొని, నా గడియారము చేతబట్టి కూర్చుండును. అంకెలు కనబడక దానిని కంటికి దగ్గరగా పెట్టుకొని, ఒక్కొక్క తునుక ముగియగానే నాకు వినబడునట్లు కేక వేయును. నిన్న ఎనిమిదవదానికి ఒక నిమిషము 52 అని కేక వేసెను. నేను నమ్మక, దగ్గరకు పోయి చూచితిని. 52 యే.