ఫోల్డర్ మారితే సెటప్ కూడా మారాలి: డైర్‌ఎన్వ్ ఎందుకు వాడుతున్నానంటే...

ఒక రాత్రి టెస్ట్ డేటా క్లియర్ చేద్దామని చిన్న స్క్రిప్ట్ రన్ చేశాను. ఖాళీ అయింది టెస్ట్ డేటాబేస్ కాదు, ఫ్రెండ్ షాపు అసలు డేటాబేస్! స్క్రిప్ట్‌లో తప్పేం లేదు. పొద్దున ఆ షాపు పని కోసం అదే టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన డేటాబేస్ అడ్రస్ ఇంకా అలాగే ఉంది. ముందు రోజు బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను. ఆ ఒక్క రోజు ఆర్డర్లు మాత్రం మళ్లీ చేత్తో ఎక్కించాల్సి వచ్చింది.

అసలు సమస్య ఇది: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఫోల్డర్‌ది కాదు, షెల్‌ది. ఒకసారి సెట్ చేస్తే, మీరు ఏ ఫోల్డర్‌లోకి వెళ్లినా ఆ టెర్మినల్ మూసేదాకా వెంటే వస్తుంది.

దీనికి నేను వాడుతున్న టూల్ డైర్‌ఎన్వ్. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. బాష్, జెడ్‌షెల్, ఫిష్‌లలో పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక షెల్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక హుక్ లైన్ పెట్టాలి, అంతే.

ఇక ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో '.ఎన్వ్‌ఆర్‌సీ' అనే ఫైల్ పెట్టి, ఆ ప్రాజెక్ట్‌కి కావాల్సిన వేరియబుల్స్ అందులో రాయండి. ప్రాంప్ట్ వచ్చే ప్రతిసారీ డైర్‌ఎన్వ్ ఈ ఫైల్ కోసం ఆ ఫోల్డర్‌లోనూ, దాని పై ఫోల్డర్లలోనూ వెతుకుతుంది. దొరికితే లోడ్ చేస్తుంది. బయటికి రాగానే పాత విలువలు తిరిగి పెట్టేస్తుంది. పైథాన్ వాడేవాళ్లు అందులో 'లేఅవుట్ పైథాన్' అని ఒక్క లైన్ రాస్తే చాలు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కూడా అదే తయారుచేసి ఆన్ చేస్తుంది.

మరి వేరేవాళ్ల కోడ్ డౌన్‌లోడ్ చేస్తే? ఈ ఫైల్ నిజానికి బాష్ స్క్రిప్టే, అందులో ఏమైనా ఉండొచ్చు. అందుకే కొత్త ఫైల్ అయినా, మార్చిన ఫైల్ అయినా, మీరు 'డైర్‌ఎన్వ్ అలౌ' అని కొట్టేదాకా రన్ అవ్వదు. చదవకుండా అలౌ కొట్టొద్దు.

ఇంకొన్ని జాగ్రత్తలు. షెల్ అలియాస్‌లు దీంతో రావు, వేరియబుల్స్ మాత్రమే వస్తాయి. పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైల్‌ని గిట్‌లోకి ఎక్కించకండి. చేత్తో ఎక్స్‌పోర్ట్ చేసిన అడ్రస్ ఉంటే, ఫోల్డర్ బయటికి రాగానే అదే తిరిగొస్తుంది. కాబట్టి ముందు ఆ అలవాటు మానాలి.

ఆ రాత్రి తర్వాత నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే: అసలు డేటాబేస్ అడ్రస్ ఏ '.ఎన్వ్‌ఆర్‌సీ'లోనూ ఉండదు. దాన్ని ముట్టుకునే పని ఉంటే కొత్త టెర్మినల్ తెరుస్తాను, పనవ్వగానే మూసేస్తాను.