నోట్ల పెట్టేముందు, పైసలు పెట్టేముందు: పుట్టగొడుగుల ముచ్చట

వాన పడ్డ తెల్లారి నా ఫోన్ నిండ ఫొటోలే. "అన్నా, గెట్టు మీద మొలిచింది, ఇది తినొచ్చా?" అని. వరి కోతలైనంక ఇంకో రకం మెసేజ్‌లు: "అన్నా, పుట్టగొడుగుల బిజినెస్ పెడుదామనుకుంటున్న. లక్ష కడితే సంచులు, విత్తనం ఇచ్చి పంటంత వాళ్లే కొంటమంటుండ్రు. కట్టొచ్చా?" రెండింటికీ నా జవాబు ఒక్కటే. తెల్వకుంట నోట్ల పెట్టకు, తెల్వకుంట పైసలు పెట్టకు. ఎందుకో చెప్త.

ముందు అడివిది, చెలకలది. మనం పుట్టకొక్కులు అంటం. సంగతంత పేరుల్నే ఉంది. పుట్టల చెదలు ఎండుకట్టె, ఎండుగడ్డి నమిలి తెచ్చి, లోపల తేనెతుట్టె లెక్క అరలు కట్టి, వాటి మీద బూజు పెంచుతయ్. ఆ బూజే వాటి తిండి. ఈ సాగుకు దాదాపు 3 కోట్ల ఏండ్ల వయసుందని శాస్త్రవేత్తల లెక్క. అంటే మనకంటె ముందు పుట్టిన రైతులు అవి. వాన తడి తగిలినంక ఆ బూజే గొడుగై పైకొస్తది. పుట్ట లేకుంటే కొక్కు లేదు. జేసీబీతోని పుట్టలన్నీ చదును చేసి, చెదలమందు పోసి, "తాతల కాలంల మస్తు దొరికేటియి" అనుకుంట బాధపడితే ఏం ఫాయిదా? చెలకల ఒక మూలకున్న పుట్టను ఇడిసిపెట్టున్రి.

ఇగ ఫొటో ముచ్చట. ఫొటో చూసి నేను చెప్ప. మనిషిని చంపే అమానిటా జాతి గొడుగులకు కాడ అడుగున సంచి లెక్క తొడుగుంటది. మీరు కాడ కాడికి తెంపి ఫొటో తీస్తరు, ఆ సంచేమో మట్టిలనే ఉండిపోతది. "పురుగు తింటే మనం గూడ తినొచ్చు", "వెండి నల్లబడకుంటే మంచిదే", "బాగ ఉడికిస్తే విషం పోతది" అని మన ఊర్లల్ల అంటరు. మూడూ తప్పే. అమానిటా విషం ఎంత ఉడికినా పోదు. పైంగ తిన్నంక 6 నుంచి 12 గంటల దాక ఏం తెల్వది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. మధ్యల తగ్గినట్టే అనిపిస్తది గని లోపల కాలేయం పాడైతుంటది.

2022 ఏప్రిల్‌ల అస్సాంల అడివి పుట్టగొడుగులు తిని 13 మంది సచ్చిపోయిండ్రు. వాళ్లల్ల ఎక్కువ మంది తేయాకు తోటల కుటుంబాలోళ్లే. ఏరుకొని తినేది పేదోళ్లు గన్క సచ్చేది గూడ వాళ్లే. అందుకే, నల్లమలల చెంచు పెద్దమనుషుల లెక్క ఏండ్ల తరబడి అదే నేల మీద తిరిగినోళ్లు చూపెడితేనే ముట్టున్రి. జర అనుమానమొచ్చినా, తగ్గింది గదా అని ఇంట్ల ఉండకుండ్రి. 108కు ఫోన్ చేసి, మిగిలిన ముక్కను పట్టుకొని పెద్ద దవాఖానకు పోండ్రి.

మరి ధైర్నంగ తినేది యాడ దొరుకుతది? మన గడ్డిలనే. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్లొచ్చినంక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలల్ల వరి పెరిగింది. ఆ గడ్డిని చాన చోట్ల పొలంలనే కాలవెడుతున్నం. ముత్యపుచిప్ప పుట్టగొడుగుకు ఆ గడ్డే సాలు.

మందు కొట్టని, వాన తాకని గడ్డిని రెండంగుళాల ముక్కలు కోసి రాత్రంత నీళ్లల్ల నానబెట్టాలె. తెల్లారి 80 డిగ్రీల వేడినీళ్లల్ల గంటసేపు ఉంచాలె. నీడకు ఆరబోసి, పిండితే చుక్క రాలకుంటనే, చెయ్యికి తడి తగిలేటట్టు ఉండాలె. విత్తనమంటే జొన్నగింజల మీద పెంచిన బూజే. 5 కిలోల తడిగడ్డికి 100 గ్రాములు పడ్తది. పాలిథిన్ సంచిల ఒక వరుస గడ్డి, ఒక వరుస విత్తనం నింపి, మూతికట్టి, చిన్న చిన్న బొక్కలు పెట్టాలె. రెండు మూడు వారాలు చీకటి గదిల ఉంచితే లోపలంత తెల్లగ అల్లుకుంటది. అప్పుడు సంచి కోసి, గాలి, జరంత వెలుతురు తగలనిచ్చి, రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు చల్లితే వారంల మొదటి కోత. మూడు కోతలొస్తయ్. కిలో ఎండుగడ్డికి అరకిలో అయినా రావాలె. గదిల మూతికి గుడ్డ కట్టుకోండ్రి, దాని పొడికి దగ్గొస్తది. మన ఎండకాలానికి ఇది ఓర్వదు. 30–35 డిగ్రీలకు పాల పుట్టగొడుగు రకముంది, దాని పద్ధతి వేరు.

చూసిండ్రా, ఇండ్ల లక్ష రూపాయల రహస్యమేం లేదు. కష్టమంత అమ్ముడుకాడ ఉంది. కోసినంక ఒకటి రెండు రోజులల్ల పాడైతది, ఎండబెడితే పది కిలోలు ఒక్క కిలో అయితది. "మేమే కొంటం" అనేటోన్ని మూడు అడుగున్రి: రేటు కాయితం మీద రాసిస్తవా? పోయినేడు ఎవరికాడ కొన్నవు, వాళ్ల ఊరు చెప్తవా? విత్తనం నేను వేరేకాడ తెచ్చుకుంటే కొంటవా? మూడోదానికి నీళ్లు నమిలితే వాని యాపారం పుట్టగొడుగులు గాదు, సంచులమ్ముడు.

నేర్చుకునేతందుకు నాగర్‌కర్నూల్ దిక్కు పాలెంల, వనపర్తి దిక్కు మదనాపురంల కృషి విజ్ఞాన కేంద్రాలున్నయ్. అవి మన పన్నులతోని నడిచేటియే. పోయి అడుగున్రి, శిక్షణ పెట్టమనున్రి. పది మంది కలిసి పోతే ఇంకా మంచిది. ముందుగాల పది సంచులతోని మొదలువెట్టి, ఇంట్ల వండుకొని, మిగిలితే ఊర్లనే అమ్మున్రి. ఎవలు కొంటుండ్రు, ఎంతకు కొంటుండ్రు అనేది మీ చేతికి తెలిసినంకనే పదకొండో సంచి కట్టున్రి.